పాడెతీగ మీది రక్తాంగి

తూర్పు కొండల వెనుక సూర్యుడు తోమిన రాగిచెంబులా మెరిసే వేళకు, వేణుపుర యువరాజు శరభవర్మ ఒక అడవితీగను పట్టుకుని రెక్కలలోయ అడుగుకు జారుతున్నాడు. అరచేతుల చర్మం ఊడి వస్తోంది. కాళ్ళకింద మంచు, మంచు కింద ఏముందో తెలియదు. మూడు వైపులా నల్లరాతి గోడలు, ఆ గోడల మీదుగా వెండి దారాల్లా జాలువారే సెలయేళ్ళు, లోయ నిండా విరగబూసిన నిమ్మచెట్లు. ఆ చెట్ల మధ్య గాలి అనేది లేదు, ఉన్నవన్నీ రెక్కలే. నల్లని రెక్కలు, వాటి మీద తెల్లని మచ్చలు, అంచుల్లో కుంకుమ బొట్లు. లక్షల సీతాకోకచిలుకలు. ఆ సొగసు చూసిన కవి పది పద్యాలైనా చెప్పకుండా ఉండలేడు. అయితే ఆ లోయలోకి కవులు దిగరు, దిగినవాళ్ళకు పద్యాలు చెప్పే తీరిక దొరకదు.

శరభవర్మను యువరాజు అని మనం అనుకోవలసిందే గాని, భూమ్మీద అలా పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వేట నుంచి తిరిగి వచ్చిన ఒకనాటి సాయంత్రం కోట ద్వారం దగ్గర భటుడు బల్లెం అడ్డం పెట్టి, ఏ ఊరు నీది అని అడిగాడు. మొదట నవ్వాడు శరభవర్మ. సభలోకి వెళ్ళాడు. తండ్రి అతణ్ణి తేరిపార చూసి, బిడ్డలు లేనివాణ్ణి ఇలా వెక్కిరించడం తగదన్నాడు. అంతఃపురం ముంగిట తల్లి మేఘమాలాదేవి మాత్రం కసరలేదు. దూరం నుంచి వచ్చిన బాటసారి అనుకుని మజ్జిగ ఇప్పించింది. "ఎండనపడి వచ్చినట్టున్నావు. మీ అమ్మ ఎదురు చూస్తుంటుంది, త్వరగా ఇల్లు చేరు నాయనా" అంది. ఆ మజ్జిగ తాగి బయటికి వచ్చిన శరభవర్మ కోటగోడకు ఆనుకుని ఏడ్చాడు. అంతకుముందు ఏ యుద్ధంలోనూ ఏడవలేదు.

ఇది ఆస్థాన మాంత్రికుడు కంకాళభట్టు పని. తన మేనల్లుణ్ణి సింహాసనం ఎక్కించాలని అతని కోరిక. యువరాజును చంపితే ఏడ్చేవాళ్ళుంటారు, ఆరా తీసేవాళ్ళుంటారు. మరిపిస్తే అడిగేవాళ్ళే ఉండరు. ఊరందరి తలల్లోంచి శరభవర్మను పూసలా తీసి, ఒక సీతాకోకచిలుక గుడ్డులో పెట్టి, ఎవరూ కనుక్కోలేని చోట దాచాడు.

ఊరు విడిచి పోతున్న శరభవర్మకు దారిలో ఒక గుహలో తపస్సు చేసుకుంటున్న ముని ఈ సంగతి దివ్యదృష్టితో చూసి చెప్పాడు. "ఆ గుడ్డు రెక్కలలోయలో ఉంది. అందులోంచి వచ్చేదాని పేరు రక్తాంగి. రెక్కలు చూసి మోసపోకు, ఆ రెక్కలు చాలా వాటికి ఉంటాయి. రక్తాంగికి ఒళ్ళే ఎరుపు. బెదిరించినా పరుగెత్తదు, చేదాకు తిని పెరిగింది గనుక పిట్టలు దాన్ని ముట్టవు. అది గూట్లో నిద్రపోతున్నప్పుడు తీగ నుంచి తెంపావా, బూడిదవుతుంది. బయటికి వచ్చాక నువ్వు చూసినా పరవాలేదు, నువ్వు కాక మరే మనిషి కన్ను మొదట దాని మీద పడుతుందో, నీ గురించిన జ్ఞాపకాలన్నీ ఆ మనిషికే చేరిపోతాయి. అందుకని దాన్ని మూతబుట్టలో పెట్టి, మీ అమ్మ ఎదుట తెరువు. ఆమెకు గుర్తొస్తే ఊరందరికీ గుర్తొస్తుంది. రక్తాంగి అనుకుని మరోదాన్ని తీసుకుపోయావా, మిగిలింది కూడా ఊడుతుంది" అన్నాడు.

శరభవర్మ పాదం నేలకు ఆనింది.

"కదలకు తమ్ముడూ" అంది ఒక ఆడగొంతు. "నీ మడమ పక్కనే ఉంది."

అతడు ఊపిరి బిగబట్టాడు. పంగలకర్ర ఒకటి మంచులోంచి వచ్చి, అతని కాలి దగ్గర చుట్టుకున్న కట్లపామును ఎత్తి అవతలికి విసిరింది. కర్ర వెనకనే ఒక మనిషి వచ్చింది. యాభై ఏళ్ళ ఆడమనిషి, నెరిసిన జుట్టు ముడివేసి, చీర కచ్చ పోసి కట్టింది. చుట్టూ చూస్తే రాళ్ళ సందుల్లో, వేళ్ళ కింద, ఎండుటాకుల మీద ఎక్కడ చూసినా పాములే.

"ఏ పుట్టలో ఏ పాముందో అంటారు పైన" అందామె. "ఇక్కడ ఆ అనుమానం అక్కర్లేదు. అన్నిట్లోనూ ఉన్నాయి. నా అడుగులో అడుగు వేసి రా."

ఆమె పేరు కొమ్మసాని. వేణుపురంలో పూలంగళ్ళ వీధి మనిషి. శరభవర్మ ఆమె వెనుకే నిమ్మతోపులోకి నడిచి, ఒక బండ మీద చేరాడు. ఆమె అతని చేతిలో నిమ్మకాయ పిండిన నీళ్ళు పెట్టింది. అతను తన కథంతా చెప్పాడు. తాను యువరాజునన్నప్పుడు ఆమె కొంచెం నవ్వింది. రాజుగారికి పిల్లలు లేరని ఆమె కూడా ఎరుగును కదా. నవ్వి, అంతలోనే ఆగిపోయింది.

"నవ్వకూడదు" అంది. "నేనూ ఇలాగే వచ్చాను. ఎవరినో ఊరు మరిచిపోతే, నా ఒక్కదానికే గుర్తుండి, వాళ్ళ కోసం వచ్చాను. రక్తాంగే అనుకుని ఒకదాన్ని పట్టుకుపోయాను. అది రక్తాంగి కాదు. ఇప్పుడు ఎవరికోసం వచ్చానో నాకే తెలియదు. మా ఇంట్లో రెండు కంచాలున్నాయి తమ్ముడూ. ఒకటి నాది. రెండోది ఎవరిదో తెలియదు. రోజూ తోమి బోర్లించేదాన్ని. మగడిదో, కొడుకుదో, అక్కచెల్లెలిదో. ఆ కంచం ఎదురుగా కూచుని అన్నం తినలేక మళ్ళీ ఇక్కడికే వచ్చేశాను."

శరభవర్మ ఓదార్చబోయాడు. ఓదార్చడానికి కూడా ఒక పేరు కావాలి.

"నువ్వు కష్టపడక్కర్లేదు" అని కొమ్మసానే మళ్ళీ అందుకుంది. "ఈ తోపులో ఉన్నవన్నీ ఆ రెక్కలవే, వాటిలోనే అసలుదీ ఉంటుంది. నాకు చేతకాలేదు, నువ్వు కుర్రాడివి, మంచిది చూసి పట్టుకో."

పాపం, ఆమె మనస్ఫూర్తిగానే అంది. శరభవర్మ ఒక కొమ్మ దగ్గర కూర్చుని చూశాడు. నల్లని రెక్క, తెల్లని మచ్చ, ఎర్రని బొట్టు. ముని చెప్పినట్టే నిదానంగా, గర్భిణీ స్త్రీ నడిచినట్టు ఎగురుతోంది. చెయ్యి విదిలించి అదిలించాడు. అంతే, ఆ నిదానం ఎటుపోయిందో, గింగిరాలు తిరుగుతూ కొమ్మల్లోకి దూరిపోయింది. మరోదాన్ని పట్టి చూశాడు. రెక్కలు కట్టుకున్న చీరలాంటివి, ఎవరైనా కట్టుకోవచ్చు. ఒళ్ళు మాత్రం నల్లగా ఉంది. నిమ్మాకుల మీద వెతికితే వాటి పుట్టుక కూడా బయటపడింది. మొదట పిట్టరెట్టలా కనిపించే పురుగు, పెరిగేకొద్దీ ఆకుపచ్చబారి, ఆకులో ఆకై కూర్చుంటోంది. వేలితో తాకితే తలలోంచి ఎర్రని నాలుకలాంటి కొమ్ము చాపి, కంపు వదిలి, భయపెట్టాలని చూస్తోంది. ఆ పురుగులే గూళ్ళు కట్టి, ఈ లక్షల రెక్కలై తోపంతా తిరుగుతున్నాయి.

ఇంతలో తోక చీలిన పసులపోలిగాడు పిట్ట ఒకటి కొమ్మ మీద నుంచి దూకి, ఒకదాన్ని గాలిలోనే పట్టి, రెక్కలు రాల్చి మింగేసింది. దాని జంట వచ్చి ఇంకొకదాన్ని మింగింది.

"అక్కా, ఇక్కడ పిట్టలు వీటిని ఎప్పుడూ ఇలాగే తింటాయా?"

"పిట్టలు తినక ఏం చేస్తాయి? విస్తట్లో వడ్డించినట్టుంటే."

శరభవర్మ ఆలోచనలో పడ్డాడు. రక్తాంగి చేదును ఒక్కసారి చవిచూసిన పిట్ట జన్మలో ఆ వేషం జోలికి పోదు. ఆ భయాన్ని అడ్డం పెట్టుకునే ఈ నిమ్మపురుగులు ఆ వేషం వేస్తాయి. ఇక్కడి పిట్టలకు భయమే లేదంటే, అవి రక్తాంగిని ఎరగవన్నమాట. అసలుదాన్ని ఈ లోయలో రెక్కలతో తిరగనివ్వలేదు కంకాళభట్టు. అది ఇంకా పురుగుగానో గూడుగానో ఉంది. తియ్యని నిమ్మచిగుళ్ళ మీద కాదు, చేదు ఆకు మీద ఉంది. మరి ఏ చేదు?

బండ ఎక్కి లోయనంతా కలయజూశాడు. ఎక్కడ చూసినా పాములు మెదులుతూనే ఉన్నాయి. ఒక్కచోట తప్ప. పడమటి మూల కూలిపోయిన రాతిమండపం ఒకటి ఉంది. దాని చుట్టూ చిన్న బయలు, అందులో పాము అన్నది లేదు. మండపం స్తంభానికి గుండెకాయ ఆకారపు ఆకులతో ఒక తీగ పాకింది.

"అటు చూడకు తమ్ముడూ" అని కొమ్మసాని ముఖం తిప్పుకుంది. "అది పాడెతీగ."

ఈ మాట కొంచెం విప్పి చెప్పాలి. ఆ తీగను లోకమంతా ఈశ్వరి అంటుంది. దాని చేదు వాసనకు పాము దగ్గరికి రాదని ఇళ్ళ ముందు పెంచుతుంది. వేణుపురంలో మాత్రం పాముకాటుకు పోయినవాళ్ళ మెడలో ఆ తీగ చుట్టి కాటికి పంపే ఆచారం ఉంది. అందుకే బతికున్నవాళ్ళు దాన్ని తాకరు. దారిలో కనిపిస్తే వీధి మారతారు. తాకినవాడు ఆ ఏడు తిరక్కుండా పాడె ఎక్కుతాడని నమ్మకం. వేణుపురం నుంచి వచ్చి ఈ లోయలో వెతికినవాళ్ళంతా ఆ మండపాన్ని చూశారు, చూసి ముఖం తిప్పుకున్నారు. కంకాళభట్టు వేణుపురం ఉప్పు తిన్నవాడు, ఆ మనుషులు ఎటు చూడరో అతనికి బాగా తెలుసు. లోయలో ఉన్న ఈశ్వరినంతా కాల్చి, ఆ ఒక్క తీగనే మిగిల్చాడు.

శరభవర్మ కూడా వేణుపురంవాడే. మండపం దాకా వెళ్ళి ఆగాడు. చెయ్యి ముందుకు రాలేదు. చిన్నప్పుడు దాది చెప్పిన మాటలన్నీ వరుసగా గుర్తొచ్చాయి.

"వద్దు తమ్ముడూ" అంది వెనకనుంచి కొమ్మసాని. "అది చచ్చినవాళ్ళు ముట్టే తీగ."

శరభవర్మ వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. "కన్నతల్లే మీ అమ్మ ఎదురు చూస్తుంటుంది పొమ్మంది. తండ్రి నాకు పిల్లలు లేరన్నాడు. నేను బతికున్నానని చెప్పగల మనిషి ఒక్కరు లేరు. అలాంటివాడికి ఈ తీగ మైల ఏమిటక్కా?"

ఆ మాట అనేసి ముందుకు వంగాడు. చెయ్యి చాపి ఆకు తిప్పాడు.

ఆకు అడుగున ఒక పురుగు ఉంది. ఎరుపు నలుపు కలిసిన మఖమలులాంటి ఒళ్ళు, వీపు నిండా కండగల ఎర్రని కొమ్ములు, నడుముకు తెల్లని పట్టీ. ఆకుపచ్చగా దాక్కోవాలన్న ఆలోచనే దానికి లేదు. చేదు తిని పెరిగినదానికి దాక్కునే అవసరమేమిటి? అతను వేలు దగ్గర పెట్టినా బెదరకుండా, ఆకును కొస నుంచి కొరుక్కుంటూ నింపాదిగా తింటూనే ఉంది. తీగంతా వెతికితే అది ఒక్కటే. శరభవర్మలాగే ఒంటరిది.

నాటి నుంచి మండపమే అతనికి కోట అయింది. కొమ్మసాని ఆ బయలులో అడుగు పెట్టలేదు. రోజూ అంచుదాకా వచ్చి దుంపలు, నిమ్మకాయలు పెట్టి, తీగవైపు చూడకుండా వెళ్ళిపోయేది. నిమ్మరెమ్మలతో మూతబుట్ట మాత్రం అల్లి ఇచ్చింది. కందిరీగలు పురుగు ఒంట్లో గుడ్లు పెట్టాలని వస్తే శరభవర్మ ఉత్తరీయంతో విసిరి కొట్టాడు. చీమల బారు వస్తే నీళ్ళు చుట్టూ పోశాడు. వేణుపుర సైన్యాన్ని నడిపినవాడు చీమలతో యుద్ధం చేస్తున్నాడని నవ్వే మనిషి కూడా అక్కడ లేడు. పురుగు చర్మం విడిచి పెద్దదైంది, మళ్ళీ విడిచింది. ఒకనాడు తినడం మానేసి, తీగంతా పిచ్చిదానిలా తిరిగి, చివరికి ఎండిన కాడ ఒకటి ఎంచుకుంది. తోక దగ్గర పట్టు చుక్క ఒకటి అంటించి, నడుముకు పట్టుదారం మొలతాడులా బిగించుకుంది. ఆఖరి చర్మం చీలి రాలిపోయేసరికి అక్కడ పురుగు లేదు. వంకర తిరిగిన ఎండుటాకులాంటి గోధుమరంగు గూడు ఒకటి వేలాడుతోంది.

శరభవర్మ ఊరికే దాని దగ్గర చెవి పెట్టాడు. లోపలినుంచి చాలా సన్నగా ఒక గొంతు వినిపించింది.

"శరభా, ఎక్కడ దాక్కున్నావురా? తలంటు నీళ్ళు చల్లారిపోతున్నాయి."

తల్లి గొంతు. అతనికి ఆరేళ్ళప్పటి గొంతు. ఆ తర్వాత ఎవరో నవ్వారు. తండ్రి విల్లు ఎలా పట్టాలో చెబుతున్నాడు. వేణుపురం తనను గురించి దాచుకున్నదంతా, గూట్లో నిద్రపోతూ, కలవరిస్తోంది. శరభవర్మ ఆకలి మరిచిపోయి రోజులకు రోజులు ఆ ఎండుటాకుకు చెవి ఆనించి కూర్చున్నాడు. ఇల్లు విడిచిన తర్వాత అతణ్ణి పేరు పెట్టి పిలిచింది ఆ గూడు ఒక్కటే. విని, జవాబు చెప్పేవాడు. ఆ జవాబులు లోపలికి వినబడవని తెలిసినా చెప్పేవాడు.

ఒక ఉదయం గూడు రంగు మారింది. గోధుమరంగు పలచబడి, లోపల నల్లని రెక్క మడతలు, ఎర్రని చుక్కలు అద్దంలోంచి కనబడినట్టు కనబడుతున్నాయి. సరిగ్గా అప్పుడే మండపం ఎదుట అడుగుల చప్పుడైంది.

మేఘమాలాదేవి వచ్చింది. పట్టుచీర ముళ్ళకు చిరిగింది, కాళ్ళు నెత్తురోడుతున్నాయి, జుట్టు విడిపోయింది.

"శరభా" అంది. "ఎంత చిక్కిపోయావురా నాయనా."

శరభవర్మ ఆమెవైపు కదిలాడు. నాలుగు అడుగులు పరుగెత్తాడు కూడా. ఇన్నాళ్ళ ఒంటరితనం ఒక్కసారి ఉప్పెనలా వచ్చి కళ్ళలో నిండింది.

"నాకు అంతా గుర్తొచ్చింది" అంటోంది ఆమె. "ఊరందరికీ గుర్తొచ్చింది. మీ నాన్నగారు నీకోసం మంచం పట్టారు. ఈ పాడెతీగ పక్కన నీకేం ఖర్మరా? తెంపి అవతల పారేసి నాతో రా. ఇంటికి పోదాం."

అతను వెనక్కి తిరిగి వచ్చాడు, చెయ్యి నిజంగానే తీగ మీదికి వెళ్ళింది. నమ్మాలని ప్రాణం కొట్టుకుపోతోంది. ఆ క్షణంలో గూట్లోంచి మళ్ళీ సన్నని గొంతు వినిపించింది. జోలపాట. అదే తల్లి, అదే గొంతు. జ్ఞాపకం ఇంకా ఇక్కడే, ఈ గూట్లోనే ఉంది. మరి ఎదురుగా నిలబడి తనను గుర్తుపట్టినదెవరు?

శరభవర్మ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నన్ను ఎవరు నాయనా నువ్వు అని అడిగి ఉంటే నీ కాళ్ళ మీద పడేవాణ్ణి. పేరు పెట్టి పిలిచావు. నన్ను గుర్తుపట్టిన అమ్మ మా అమ్మ కాదు" అని కత్తి దూశాడు.

మేఘమాలాదేవి ముఖం మైనంలా కరిగింది. పుర్రెలాంటి తల, బూడిద పూత, నిప్పుకణికల్లాంటి కళ్ళు. కంకాళభట్టు పళ్ళు కొరికి, చేతిలోని భస్మాన్ని గాలిలోకి ఊదాడు. బయలు చుట్టూ ఎండుగడ్డి భగ్గున అంటుకుంది. కత్తి దెబ్బకు మాంత్రికుడి భుజం చీలింది, నెత్తురుకు బదులు పొగ వచ్చింది. రెండో దెబ్బ గాలిలో పోయింది. మూడో దెబ్బకు కత్తే రెండు ముక్కలైంది.

"తీగను ముట్టిన శవానికి కత్తెందుకురా" అని నవ్వి, కంకాళభట్టు తాటిచెట్టంత నల్లత్రాచుగా మారి పడగ విప్పాడు. కోపం తలకెక్కితే మాంత్రికుడికి మంత్రాలే గుర్తుంటాయి గాని మూలికలు గుర్తుండవు. పోయేకాలం వస్తే బుద్ధి అలాగే పెడదారి పడుతుంది. శరభవర్మ స్తంభానికి అటువైపు పాకిన ఈశ్వరి కొమ్మను బారెడు తెంపి, కొరడాలా ఆ పడగ మీదికి విసిరాడు. తీగ మెడకు చుట్టుకోగానే త్రాచు నిప్పు తాకినట్టు ముడుచుకుపోయి, బుసలు కొడుతూ బయలు అంచుదాకా వెనక్కి జరిగి, పొగలో పొంచి కూర్చుంది. ఆ తీగ విడిపడేదాకా మనిషి రూపం రాదు, పాము చూపు మనిషి చూపుగా చెల్లదు.

మంటలు మండపానికి దగ్గరవుతున్నాయి. తడి చీర కప్పుకుని, పొగను చీల్చుకుంటూ కొమ్మసాని వచ్చింది. అన్నాళ్ళూ దూరంగా నిలబడిన ఆ బయలులోకి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"తమ్ముడూ, ఇంకా ఇక్కడే ఉంటే కాలిపోతావు."

"కదల్లేనక్కా. అది బయటికి వచ్చేస్తోంది. వేడికి గూడు పగులుతోంది."

కొమ్మసాని తల తిప్పబోయి ఆగిపోయింది. చూస్తే ఏమవుతుందో ఆమెకు చెప్పాడు కదా. ఆమె కళ్ళు నేల మీదే ఉన్నాయి.

"ఒక్క మాట అడగనా? నేను చూశాననుకో. నువ్వు నా కొడుకువి అవుతావు గదా. నీ బాల్యమంతా నాదవుతుంది గదా. నాకు గుర్తు చేసుకోడానికి ఒక మనిషి ఉంటాడు."

చూడొద్దు అని చెప్పే హక్కు శరభవర్మకుంది, కాని చెప్పలేదు. ఆమె ఏమీ లేనిది. తను దేనికోసం తపించిపోయాడో దానికోసమే ఆమె తపిస్తోంది.

కొమ్మసాని చీరచెంగు చించి కళ్ళకు గట్టిగా కట్టుకుంది.

"అడగడం వరకే తమ్ముడూ. ఇంకో తల్లి కంచంలో కూడు నాకు వద్దు. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పు."

"చెయ్యి ఇలా పైకెత్తి పట్టు. రెక్కలు ఆరేదాకా అది వేలాడాలి. నేను మంట ఆపుతాను."

గూడు చీలింది. తడిసి ముద్దయిన ప్రాణి ఒకటి బయటికి పాకి, తడబడుతూ వచ్చి కొమ్మసాని వేలు పట్టుకుంది. జీవితంలో మొదటిసారి ఆ ఆకుల మధ్య చెయ్యి పెట్టిన కొమ్మసాని ఊపిరి తీయడం కూడా మానేసింది. శరభవర్మ ఉత్తరీయం తడిపి మంటల మీద కొడుతూనే ఉన్నాడు. వెంట్రుకలు కాలాయి, చేతులు కాలాయి. మంట ఒకవైపు తగ్గితే మరోవైపు లేస్తోంది.

"ఎలా ఉంది?" అని అడిగింది కొమ్మసాని. "ఇన్నేళ్ళు దీనికోసమే ఉన్నాను. చూడకూడదు, కనీసం చెప్పు."

శరభవర్మ దగ్గుతూ, మంటల మధ్య నుంచే చెప్పాడు. "రెక్కలు ముడతలు పడి ఉన్నాయి. ఇప్పుడిప్పుడే సాగుతున్నాయి. నల్లగా ఉన్నాయి అక్కా, కాటుక కంటే నలుపు. మీది రెక్కకు తెల్లని పట్టీలు. కింది రెక్క అంచునా, లోపలా రెండు వరుసల ఎర్రని చుక్కలు. నిమ్మతోపులో మనం చూసినట్టే. కాని ఒళ్ళు ఎరుపు. పారాణి పెట్టినట్టు ఎరుపు. తల కూడా."

"ఎరుపా" అంది కొమ్మసాని. కట్టు గుడ్డ కింద నుంచి కన్నీళ్ళు జారాయి. "నేను రెక్కలే చూశాను తమ్ముడూ. ఒళ్ళు చూడనే లేదు. పిచ్చిముండను."

అతను బుట్ట అందుకుని మూత తీసేలోగా స్తంభం మీది రాతి దూలం ఒకటి వేడికి ఫెళ్ళున విరిగి పడింది. కొమ్మసాని చెయ్యి కదిలింది. రక్తాంగి గాలిలోకి లేచింది. బెదరలేదు, తొందరపడలేదు. మంటల మీదుగా, పొగ మీదుగా, పాములు కదిలే లోయ మీదుగా నిదానంగా ఉత్తరపు కనుమవైపు సాగిపోతోంది. అవతల అంచున నల్లత్రాచు రాతికి మెడ రాపాడించి ఈశ్వరి తీగను తెంపుకుంది. దాని ఒళ్ళు మళ్ళీ మనిషి చేతులు, మనిషి ముఖం తొడుక్కుంటోంది. ఇంకాసేపటికి కంకాళభట్టుకు మనిషి కళ్ళు వస్తాయి. ఆ కళ్ళు తలెత్తి రక్తాంగిని చూశాయా, వేణుపురం శరభవర్మను ఇక ఎన్నటికీ ఎరగదు.

శరభవర్మ కాలుతున్న తీగలోంచి రెండు కొమ్మలు పీకి, ఒకటి తన మెడలో, ఒకటి కొమ్మసాని మెడలో వేశాడు. వేణుపురంలో శవాలకు వేసినట్టే. ఆమె ఈసారి కాదనలేదు.

"వాడికి మనిషి కళ్ళు వచ్చేలోగా దాన్ని బుట్టలోకి పట్టాలి, పాముల మధ్య నుంచి పరుగెత్తాలి. కట్టు విప్పకు అక్కా."

"విప్పను" అంది కొమ్మసాని, గాలిలో వెతికి అతని కాలిన చెయ్యి అందుకుని. "నువ్వు మాత్రం నన్ను వదలకు."

ఎన్నో నెలలుగా ఆ చేతిని పట్టుకున్న మనిషి లేడు. శరభవర్మ మూతబుట్టను చంకన ఇరికించుకుని, ఆ వేళ్ళను బిగించి పట్టుకుని, కళ్ళు ఆకాశంలోని నల్లని రెక్కల మీదనే ఉంచి, ఆమెతో కలిసి మంటల్లోకి దూకాడు.